రాసే చెయ్యి

"స్వెటర్ చెయ్యి కిందికి లాక్కో," అన్నాడు మిలాడిన్. "ఇంకా. వేళ్ళ దాకా."

వెస్నా ఎడమ చేత్తో మెల్లగా లాక్కుంది. వాచిన మణికట్టుకి ఊలు తగలకూడదని చూసింది గానీ తగలనే తగిలింది. మొహంలో మాత్రం ఏమీ తెలియనివ్వలేదు. పదకొండేళ్ళ కాపురంలో ఆ మొహానికి ఆ విద్య బాగా పట్టుబడింది.

"ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?"

"కింది గది మెట్ల మీద జారాను. క్యాబేజీ పీపా చూడ్డానికి వెళ్తూ."

"ఎప్పుడు?"

"బుధవారం సాయంత్రం."

"శభాష్. లా చదివినదానివి, సాక్ష్యం తడబడకుండా చెప్పాలి మరి."

అద్దంలో కాలరు సరిచేసుకుని, తల దువ్వుకుని, రకియా సారాయి సీసాలు తేవడానికి పెరట్లోకి వెళ్ళాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఉండడూ మరి! పునీత నికోలా పండగ. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకి వచ్చిన ఇలవేల్పు పండగ.

ఈ పండగకి ఎవరూ ఎవరినీ పిలవరు. పిలవకపోయినా వస్తారు. వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపించేసిన ఇల్లు మా పీరోత్‌లో ఇంతవరకూ లేదు. ఉంటే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు. ఒంట్లో బాగోలేదనో ఊరెళ్తున్నామనో చెప్పి తలుపులు మూసుకునే వీలుంటే మిలాడిన్ ఈపాటికి మూసేవాడే. ఆ వీలు లేకనే పొద్దున్నే పెళ్ళాం చేత పాఠం అప్పజెప్పించుకున్నాడు.

ఈ మాటలన్నీ వినీ విననట్టు బల్ల దగ్గర పండగ రొట్టెకి పిండి పిసుకుతోంది అతని తల్లి స్తోయాంకా. డెబ్భై దాటిన మనిషి. ఏటా ఈ రొట్టె కోడలే చేసేది. కోడలి చెయ్యి మూలపడ్డంతో ఈసారి పని మళ్ళీ అత్తగారి మీద పడింది.

స్తోయాంకాకి లోకంలో ప్రతివాళ్ళ మీదా అనుమానమే. పాలమనిషి నీళ్ళు కలుపుతుందని అనుమానం. పాదిరీ తమ ఇంట్లో ప్రార్థన పొట్టిగా ముగిస్తాడని అనుమానం. కోడలి మీద అనుమానం వీటన్నిటికీ పెద్దక్క. కోర్టులో టైపిస్టు ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, పెళ్ళయ్యాక లా ఎందుకు చదవాలి? వారం వారం బస్సెక్కి నీష్ యూనివర్సిటీకి ఎందుకు వెళ్ళాలి? డిగ్రీ వచ్చి గోడకెక్కాక మళ్ళీ బెల్‌గ్రేడ్ వెళ్ళి ఈ జడ్జీల పరీక్షేమిటి? మెకానిక్ షెడ్డు నడుపుకునే మొగుడు ట్రేడు స్కూలు దగ్గరే ఆగిపోతే, ఈవిడగారు ఆగదేం? "పరీక్ష ఒట్టి వంకమ్మా, బెల్‌గ్రేడ్‌లో ఎవడో ఉన్నాడు" అని కొడుకు ఓసారి చెవిలో వేశాడు. అంతే, అప్పట్నించీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

"ఎల్లుండి వెళ్తున్నట్టేనా?" అంది పిండి మీంచి తలెత్తకుండా.

"వెళ్తున్నాను అత్తయ్యా. సోమవారం పొద్దున్నే పరీక్ష."

"ఆ చేత్తో ఏం రాస్తావు?"

"రాయగలిగినంత రాస్తాను."

"రాయలేని పరీక్షకి అంత దూరం దేనికమ్మాయ్?"

వెస్నా చేపల గిన్నె మీద మూత పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. చెప్పదు. ఎందుకు చెప్తుంది? లోపల ఏదో ఉంది. స్తోయాంకా పిండిని ఇంకో రెండు గుద్దులు గుద్దింది.

ముక్కు తుడుచుకుందామని ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది. రుమాలుతో పాటు ఇనప తాళంచెవి ఒకటి చేతికొచ్చింది.

కింది గదిది.

బుధవారం పొద్దున్న తనే దిగింది. క్యాబేజీ ఊరేసిన పీపాలో ఉప్పునీళ్ళు కలియబెట్టి, పక్కింటి పిల్లి దూరుతోందని తలుపుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుంది. ఇంకో చెవి లేదు, ఎప్పుడో పోయింది. అప్పట్నించీ దీన్ని ఎవరూ అడగలేదు, తనూ ఇవ్వలేదు.

మరి తాళం వేసిన గది మెట్ల మీద కోడలు ఎలా జారింది?

స్తోయాంకాకి బుధవారం సాయంత్రం గోడ అవతల గదిలోంచి వినబడ్డ చప్పుడు గుర్తొచ్చింది. కుర్చీ పడిందని అప్పుడు తనకి తనే చెప్పుకుంది. కుర్చీ పడితే మనిషి మూలుగుతుందా అని ఇప్పుడు అనిపించింది. వద్దు. పండగపూట ఇలాంటి ఆలోచనలు వద్దు. తాళంచెవి జేబు అడుక్కి తోసి, రొట్టె మీద జడ అల్లడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. వీధిలో నలుగురైదుగురు, షెడ్డులో పనిచేసే ఇద్దరు, కూమ్ గ్రాదిమిర్. కూమ్ అంటే పెళ్ళిలో పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టినవాడు; అతను వెస్నాని కూమా అంటాడు. అన్నదమ్ముల మాటైనా తోసెయ్యచ్చు గానీ మా వైపు కూమ్ మాట తోసెయ్యరు. భారీ మనిషి, స్కూల్లో ఆటల మాస్టారు, కడుపులో కల్మషం లేదు, నోటికి తాళమూ లేదు.

మిలాడిన్ ఆచారం ప్రకారం తను కూర్చోకుండా, అందరికీ నిలబడే వడ్డించాడు. ఉడికించిన గోధుమల పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళాడు. కూమ్ ఒక చెంచా నోట్లో వేసుకుని, గ్లాసు పైకెత్తి, గోడ మీది పటం వైపు తిరిగాడు. వెస్నా డిగ్రీ. బంగారు రంగు ఫ్రేము మిలాడినే కట్టించాడు. దానికోసం అక్కడున్న తండ్రి ఫోటోని దింపించాడు.

"ఈ వీధి మొత్తానికి యూనివర్సిటీ డిగ్రీ ఉన్న ఇల్లాలు మా కూమా ఒక్కతే! ఏమంటావు మిలాడిన్?"

"అనేదేముంది కూమ్? నా పెళ్ళాం తెలివి ముందు నేనెంత? రేప్పొద్దున జడ్జీ అవుతుంది. నాకే శిక్ష వేస్తుంది!"

అందరూ గొల్లుమన్నారు. స్తోయాంకా మాత్రం ఆ పూట కోడలి వంక చూస్తోంది. పొగడ్త చెవిన పడగానే వెస్నా భుజాలు ముడుచుకుపోయాయి. చెంపమీద చెయ్యి లేచినట్టు తల పక్కకి తిప్పుకుంది. పోయినేడు పండక్కీ ఈ కూమ్ ఇలాగే పొగిడాడు. మర్నాడు కోడలు మెడకి స్కార్ఫు చుట్టుకుని తిరిగింది, చలి అంది. ఏప్రిల్లో నీష్ నుంచి ప్రొఫెసరెవరో ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ వారమే షెడ్డు తలుపులో పడి ఇదే చెయ్యి నలిగింది. అప్పుడు రాయాల్సిన పరీక్ష అలాగే పోయింది.

ముసలావిడ చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది.

అప్పుడే వీధి తలుపు తోసుకుని ల్యుబింకా వచ్చింది. వెస్నా తల్లి. దిమిత్రోవ్‌గ్రాద్ నుంచి రైల్లో దిగి, కోటు కూడా విప్పకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

"రండి అత్తయ్యా! ఒక్క ఫోన్ చేస్తే స్టేషన్‌కి కారు తెచ్చేవాణ్ణి కదా," అన్నాడు మిలాడిన్.

"పండక్కి చెప్పి రావడమేమిటి అల్లుడూ? చెప్పి వస్తే చూడాల్సినవి కనబడవు." రొట్టె వంక చూసింది. "ఇదెవరు చేశారు?"

"నేనే వదినా," అంది స్తోయాంకా.

"అదే అనుకున్నా. మా పిల్ల రొట్టె మీద పిట్టలుంటాయి, ద్రాక్ష గుత్తులుంటాయి. చిన్నప్పుడు నేనే నేర్పాను. ఇంత బోసి రొట్టె దాని చేతిలోంచి రాదు. దానికేమైంది?"

మిలాడిన్ సీసా పట్టుకుని తల్లి వంక చూశాడు, మామూలుగానే.

"మెట్ల మీద జారింది వదినా," అంది స్తోయాంకా. ఆ అబద్ధం తన నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో ఆవిడకే అర్థం కాలేదు. "కింది గది మెట్లు. చెయ్యి బెణికింది."

ల్యుబింకా "ఊఁ" అంది. ఆ ఊకొట్టడంలో నమ్మకం చిటికెడు కూడా లేదు.

దీపం వెలిగించి ప్రార్థన చదివారు. రొట్టె అడుగున కత్తితో సిలువ గీసి, వైను పోశారు. ఇక అందరూ చుట్టూ నిలబడి, తలో రెండు చేతులూ వేసి రొట్టెని గుండ్రంగా తిప్పాలి. మిలాడిన్ వేశాడు, తల్లి వేసింది, కూమ్ వేశాడు. వెస్నా ఎడమ చెయ్యి వేసింది.

"రెండోది కూడా కూమా," అన్నాడు గ్రాదిమిర్. "ఇంటి ఇల్లాలు ఒంటి చెయ్యేస్తే ఎలా?"

వెస్నా కుడి చెయ్యి కూడా ఆనించింది. రొట్టె సగం తిరిగేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. ల్యుబింకా ఇంక ఆగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని స్వెటర్ పైకి జరిపేసింది.

మణికట్టు ఉబ్బి నల్లబడింది. దాని మీద పక్కపక్కనే నాలుగు మచ్చలు, వెనకవైపు ఒకటి.

"మెట్లకి వేళ్ళెప్పుడు మొలిచాయి వదినా?"

వీధివాళ్ళు నేల చూపులు చూశారు.

"వదిలెయ్యమ్మా," అంది వెస్నా.

"వదలను. ఏం అల్లుడూ? నీ చెయ్యి ఇలా తెచ్చి దీని మీద పెట్టు, సరిపోతుందో లేదో చూద్దాం."

మిలాడిన్‌కి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. సీసా బల్ల మీద పెట్టి, మనసు నొచ్చుకున్నవాడిలా నవ్వాడు.

"అదన్నమాట. మెకానిక్‌ని కదా, గోళ్ళల్లో గ్రీజు ఉంటుంది కదా, పెళ్ళాన్ని కొట్టే ఉంటాను. అదే నేను డాక్టర్నో లాయర్నో అయ్యుంటే ఈ మాట అడిగేవారా అత్తయ్యా? మెట్లనే నమ్మేవారు. ట్రేడు స్కూలు వాళ్ళంతా పశువులని మీ లెక్క."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆ గదిలో సగం మంది ట్రేడు స్కూలువాళ్ళే. షెడ్డు కుర్రాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. "అంత మాట ఎందుకండీ పండగపూట," అని ఎవరో గొణిగారు. గొణిగింది మిలాడిన్‌ని కాదు, ల్యుబింకాని. పెళ్ళాం చదువు మీద తన అక్కసు ఏ రోజూ నలుగురిలో బయటపెట్టని మనిషికి ఆ రోజు తన చదువు తక్కువే డాలుగా పనికొచ్చింది.

"పోనీ, మా అమ్మ ఇంట్లోనే ఉంది. ఆవిడ కళ్ళతో చూసింది. దీపం వెలుగుతోంది కదా, దీని ముందు అబద్ధం ఆడదు. చెప్పమ్మా. చూశావా లేదా?"

అందరూ స్తోయాంకా వైపు తిరిగారు. ఆవిడ దీపం వంక చూసింది, కొడుకు వంక చూసింది. వాడి కళ్ళల్లో భయం లేదు. తల్లి ఏం చెప్తుందో వాడికి అంత గట్టిగా తెలుసు. ఆ ధీమా చూసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"చూడలేదు," అంది. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పడేసింది. "బుధవారం పొద్దుట్నించీ ఆ గదికి తాళం వేసుంది. చెవి నా దగ్గరే ఉంది. ఎవరూ దిగలేదు, ఎవరూ పడలేదు."

గ్రాదిమిర్ గ్లాసు కింద పెట్టాడు. అతని మొహంలో నవ్వు పోవడం వీళ్ళ పెళ్ళి నాటినుంచీ ఎవరూ చూడలేదు.

"కూమా," అన్నాడు వెస్నాతో, "మీ పెళ్ళికి సాక్షిని నేను. నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఇప్పుడే, ఇక్కడే తేలుస్తాను."

వెస్నా అత్తగారి వంక చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందనుకుంది స్తోయాంకా. లేదు. ఒట్టి అనుమానం ఉంది.

"అత్తయ్యకి ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది కూమ్," అంది వెస్నా. "చెవి నాకు ఇచ్చింది ఆవిడే, మళ్ళీ తీసుకుంది ఆవిడే. నేను మెట్ల మీదే పడ్డాను."

"వెస్నా!" అంది ల్యుబింకా.

"మెట్ల మీదేనమ్మా."

మిలాడిన్ చప్పట్లు కొట్టలేదు గానీ కొట్టినంత పని చేశాడు. "మా అమ్మకి పెద్దతనం వచ్చింది, ఏమీ అనకండి," అంటూ తల్లి భుజం నిమిరాడు. ఆ నిమరడంలో వేళ్ళు కాస్త గట్టిగా దిగాయి. తరవాత భార్య చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, అందరికీ చూపించాడు.

"ఇలా వాచిందని నాతో ఒక్క ముక్క చెప్పలేదు చూశారా? ఈ చేత్తో పరీక్షేమిటి? ఎల్లుండి ప్రయాణం మానేద్దాం. నేనే ఇంట్లో ఉండి చూసుకుంటాను. కూమ్, నువ్వూ చెప్పు దీనికి."

"నిజమే కూమా, ఆరోగ్యం ముఖ్యం," అన్నాడు గ్రాదిమిర్ అయోమయంగా.

వెస్నా తలూపి, ఖాళీ పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే స్తోయాంకా వెళ్ళింది, తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పానని నన్ను పిచ్చిదాన్ని చేస్తావా?"

"మీ అబ్బాయి చెప్పమన్నాడా?" అంది వెస్నా.

"ఏమిటీ?"

"నేనేమంటానో చూడ్డానికి. ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

"పండగనాడు, దీపం ముందు! నేనా?"

"పదకొండేళ్ళుగా గోడ అవతలే పడుకుంటున్నారు అత్తయ్యా. ఒక్కసారి కూడా తలుపు కొట్టలేదు. ఇవాళ ఉన్నట్టుండి మాట్లాడారు. అనుమానం రాదా?"

స్తోయాంకా స్టూలు లాక్కుని కూలబడింది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ, ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అంది.

"మీ మామగారిది ఎనిమిదో తరగతి. నాకు నాలుగు. 'నీకేం తెలుసే మొద్దు మొహమా' అని కొట్టేవాడు. ఆడది నాలుగక్షరాలు నేర్చుకుంటే ఈ దెబ్బలుండవు అనుకునేదాన్ని. నాకేం రాదని ఆయన కొట్టాడు, నీకన్నీ వచ్చని వీడు కొడుతున్నాడు. ఇంకెంత చదవాలమ్మాయ్? ఎక్కడ ఆగితే వీళ్ళకి సరిపోతుంది?"

వెస్నా ఆవిడ మొహంలోకి చూసింది. ఆ కన్నీళ్ళు నిజమో కాదో తేల్చుకోవాలి, తేల్చుకునే వ్యవధి లేదు. పక్క గదిలో మిలాడిన్ నవ్వు వినబడుతోంది.

"బుధవారం నా రెండు చేతులూ బల్ల మీద పెట్టమన్నాడు," అంది చివరికి, గొంతు తగ్గించి. "'నువ్వు రాసేది ఏ చేత్తో?' అని అడిగాడు. పదకొండేళ్ళుగా చూస్తున్న మనిషి తెలియనట్టు అడిగాడు. నా చేతే చెప్పించుకోవాలి కదా. ఆ తరవాత, 'ఇప్పుడు వెళ్ళు మేడమ్, అందరి ముందూ తెల్ల కాగితం ఇచ్చి రా' అన్నాడు. నేను రాయలేనని నమ్మబట్టే పంపుతున్నాడు అత్తయ్యా. లేకపోతే గుమ్మం దాటనిచ్చేవాడా?"

"రాయలేవు కదా మరి?"

బల్ల మీద రొట్టె పిండి చల్లిన పలక ఇంకా అలాగే ఉంది. వెస్నా ఎడమ చేతి వేలితో ఆ పిండిలో తన పేరు రాసింది. దాని కింద అత్తగారి పేరు రాసింది. అక్షరాలు వంకర పోలేదు, వణకలేదు.

"ఏప్రిల్లో అర్థమైంది, మళ్ళీ పరీక్షొస్తే మళ్ళీ ఇదే చేస్తాడని. అప్పట్నించీ కోర్టులో మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళినప్పుడు ఎడం చేత్తో రాస్తున్నాను. పాసైతే దూరాన నోవి సాద్‌లో జడ్జి దగ్గర సహాయకురాలి ఉద్యోగం ఉంది, ఉండటానికి గది ఉంది. ఇంక తిరిగి రాను."

"మరి మీ అమ్మతో ఇప్పుడే వెళ్ళిపో!"

"ఒకసారి వెళ్ళాను. సాయంత్రానికల్లా పూలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా నాన్నే నా పెట్టె తీసుకెళ్ళి కార్లో పెట్టాడు. కేసంటారా, ఇవాళ వాంగ్మూలం, రేపు డాక్టరు, సోమవారం చేజారిపోతుంది. ఈసారి పోతే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నాకు దారి అదొక్కటే. మీ నిజం వచ్చి దానికి అడ్డం పడింది."

పిండిలో అక్షరాలు అరచేత్తో చెరిపేసింది. స్తోయాంకా లేచి, ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది.

"నన్నేం చెయ్యమంటావు?"

"మిమ్మల్ని నమ్మొచ్చో లేదో నాకు తెలీదు," అంది వెస్నా. "నమ్మదగినవాళ్ళైతే ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది."

స్తోయాంకా గదిలోకి తిరిగి వచ్చేసరికి ల్యుబింకా కోటుతోనే కుర్చీలో బిగదీసుకుని కూర్చుంది, గోధుమలు ముట్టలేదు. దీపం వెలుగుతూనే ఉంది. దాని ముందు అబద్ధమాడితే ఏమవుతుందో చిన్నప్పట్నించీ విన్న మనిషి స్తోయాంకా. అటు చూడకుండా మాట్లాడింది.

"అందరూ వినండి. ఇందాక నేనన్నది అబద్ధం."

మిలాడిన్ తలెత్తాడు.

"చెవి నేనే ఇచ్చాను. కోడలు పడటం చూశాను. నవ్వొచ్చింది కూడా. లా చదివింది గానీ మెట్లు దిగడం రాదనుకున్నా. పడ్డప్పుడు చెయ్యి పట్టుకుని లాగింది మావాడే, మచ్చలు వాడివే. ఇందాక ఎందుకలా అన్నానంటే, కడుపుమంట. పొద్దుట్నించీ పిండి పిసికింది నేను, పొగడ్తలు ఆ పటానికి. మొగుడి ఫోటో దింపి అటక మీద పెట్టారు, నన్నెవరైనా అడిగారా?"

"చూశావా కూమ్?" అన్నాడు మిలాడిన్. మొహం విచ్చుకుంది. "ఇదీ సంగతి."

"ఇంకో మాట. దాన్ని ఆ పరీక్షకి పంపించరా. వెళ్ళనీ. ఆ చేత్తో ఏం రాస్తుందో అందరూ చూడనీ. సున్నా తెచ్చుకుని వస్తే గానీ దీని పొగరు దిగదు, ఆ పటం గోడ దిగదు."

"థూ!" అంది ల్యుబింకా. "నీలాంటి అత్త ఉన్న ఇంట్లో నా కూతుర్ని పడేశాను చూడు, నన్ను నేను కొట్టుకోవాలి. పండగనాటి అతిథిని వెళ్ళమనే హక్కు మీకెవరికీ లేదు. నేనిక్కడే ఉంటాను. నీ చేతి మంచినీళ్ళు మాత్రం తాగను."

ఆ మాటలు స్తోయాంకా నెత్తి మీద పెట్టుకుంది.

మిలాడిన్ కాసేపు గ్లాసు తిప్పుతూ ఆలోచించాడు. సున్నా తెచ్చుకుని వచ్చే భార్య అతని కళ్ళ ముందు కనబడి ఉంటుంది. "సరేలే," అన్నాడు. "అంత ముచ్చటగా ఉంటే వెళ్ళి రానీ. నేనే బస్సెక్కిస్తాను."

వంటింటి గుమ్మంలో వెస్నా నిలబడి ఉంది. అత్తాకోడళ్ళ చూపులు ఒక్క క్షణం కలిశాయి. ఆ క్షణంలో కోడలి కళ్ళల్లో అనుమానం లేదు. స్తోయాంకాకి ఆ రోజు తిన్న తిట్లన్నీ తీపిగా అనిపించాయి.

గొడవ సద్దుమణిగినందుకు అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు గ్రాదిమిర్. మంచి మనిషి, ఇంట్లో మళ్ళీ నవ్వులు వినబడాలని అతని ఆత్రం. వెస్నా కాఫీ గిన్నె తెచ్చి, బల్ల చుట్టూ తిరుగుతూ కప్పుల్లో పోస్తోంది. చిన్న చిన్న కప్పులు. అంచు దాకా పోసినా ఒక్క చుక్క సాసర్లో పడలేదు. గ్రాదిమిర్ మెచ్చుకోలుగా తలాడించాడు.

"చూశారా మా కూమాని? ఎడం చేత్తో ఎంత నిబ్బరంగా పోస్తోందో! మనమైతే సగం బల్ల మీదే పోసేవాళ్ళం. పుట్టుకతోనే ఆ చేతివాటం అనుకుంటారు ఎవరైనా. తెలివైనవాళ్ళు అంతేనర్రా, ఏది కావాలంటే అది నేర్చేసుకుంటారు!"

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. స్తోయాంకా నవ్వలేదు. వెస్నా చేతిలో గిన్నె గాల్లోనే ఆగిపోయింది.

మిలాడిన్ కూడా అందరితో పాటు నవ్వాడు. నవ్వుతూనే కప్పు పక్కకి జరిపి, భార్య వైపు అరచెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వు వెస్నా. చూద్దాం."